క్రూడ్ పడిన కొబ్బరి తోటకి బ్యాక్టీరియా పొడి కొనాలా?

మీరు అడిగింది ఇదీ: కోనసీమలో మీ పెదనాన్నగారి కొబ్బరి తోటలోంచి పోయే పాత పైపులైనుకి చిల్లు పడి క్రూడ్ (ముడి చమురు) కారింది. సుమారు 5 సెంట్ల నేల నల్లబడింది. కంపెనీ వాళ్ళు పైన నిలిచిన నూనె తోడుకుపోయారు, మిగతా సంగతి తర్వాత చూద్దామన్నారు. ఈలోగా ఒక ఏజెంటు వచ్చి "నూనె తినే బ్యాక్టీరియా" పొడి కిలో 800 రూపాయలు, వంద కిలోలు చల్లితే 30 రోజుల్లో నేల మామూలైపోతుంది అన్నాడు. పక్క తోట రైతేమో జీవామృతం (పేడ, బెల్లం వగైరా కలిపిన ద్రావణం) పోయమంటున్నాడు. ఏది చెయ్యాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ 80 వేలు ఇప్పుడే పెట్టకండి. బ్యాక్టీరియా నూనెను తింటుందన్నది నిజమే. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఆ పని మీదే బతికాను. ఆయిల్ ఫీల్డుల్లో స్లడ్జ్ (నూనె మడ్డి) గుంటలు శుభ్రం చేసే పని, సగం రోజులు ల్యాబులో, సగం రోజులు బురదలో. కానీ మీ తోటలో కొరత వచ్చింది బ్యాక్టీరియాకి కాదు.

లెక్క వేసి చూడండి. 5 సెంట్లు అంటే దాదాపు 200 చదరపు మీటర్లు. నూనె 20 సెంటీమీటర్ల లోతుకు ఇంకింది అనుకుంటే 40 ఘనపు మీటర్ల మట్టి, బరువు 56 టన్నులు. క్రూడ్ పడిన నేలలో కొన్ని వారాలకే గ్రాము మట్టికి 10 లక్షల దాకా నూనె తినే బ్యాక్టీరియా కనిపించడం మామూలే. అంటే మీ మట్టిలో 56 లక్షల కోట్లు. ఏజెంటు పొడిలో గ్రాముకు 10 కోట్ల బ్యాక్టీరియా ఉందని కవరు మీద రాసి ఉంటుంది. అది అక్షరాలా నిజమే అనుకుందాం, అన్నీ బతికే ఉన్నాయనీ అనుకుందాం. వంద కిలోలకి 10 లక్షల కోట్లు. ఇప్పటికే పంక్తిలో కూర్చున్న 56 మంది పక్కన ఇంకో పది మందిని పిలిచినట్టు. వడ్డించేది మాత్రం పెరగలేదు.

అసలు ఇవి మీ తోటలోకి ఎలా వచ్చాయని అడుగుతారేమో. ఎప్పుడూ ఉన్నాయి. చమురు భూమి పొరల్లోంచి, సముద్రం అడుగునుంచి తనంతట తాను ఊరుతూనే ఉంటుంది, మనిషి బావులు తవ్వడానికి కోట్ల ఏళ్ళ ముందునుంచీ. అంతదాకా ఎందుకు, మీ తోటలో రాలే ప్రతి ఆకు మీదా సన్నని మైనం పొర ఉంటుంది. ఆ మైనంలో ఉండే పొడవాటి ఆల్కేన్ (కార్బన్, హైడ్రోజన్ కలిసిన) గొలుసులూ క్రూడ్‌లోని ఆల్కేన్లూ ఒకే కుటుంబం. ఆకు మైనం తినే అలవాటున్న జీవాలకి క్రూడ్ మరీ కొత్త వంటకం కాదు. సూడోమోనాస్, రోడోకాకస్, అసినెటోబాక్టర్ లాంటివి దాదాపు ఏ నేలలోనైనా కొద్దిగా ఉంటాయి. నూనె పడగానే మిగతావి వెనక్కి తగ్గి, ఇవి పెరుగుతాయి. సముద్రంలో ఆల్కానివోరాక్స్ అని ఒకటుంది, దాని పేరుకి అర్థమే ఆల్కేన్లు మింగేది అని. శుభ్రమైన నీటిలో వెతికినా సరిగ్గా దొరకదు. నూనె పడి, కాస్త నత్రజని దొరికితే కొద్ది రోజుల్లో అక్కడ రాజ్యం దానిదే.

మరి కొరత దేనికి? క్రూడ్ అంటే దాదాపు అంతా కార్బన్, హైడ్రోజన్. బ్యాక్టీరియా ఒంటికి నత్రజని కావాలి, భాస్వరం కావాలి. అన్నం గుట్టలా పోశారు, పప్పు లేదు. ఎంతసేపని ఉత్త అన్నం తింటాయి?

రెండో కొరత ఇంకా పెద్దది: గాలి. ఆల్కేన్ గొలుసు చివరి కార్బన్‌కి ఒక ఆక్సిజన్ పరమాణువును తగిలించడంతో భోజనం మొదలవుతుంది. అది ముందు ఆల్కహాల్ అవుతుంది, తర్వాత కొవ్వు ఆమ్లం అవుతుంది. అక్కడినుంచి మనం తిన్న నెయ్యి మన ఒంట్లో ఎలా కరుగుతుందో అదే దారి, రెండేసి కార్బన్ల చొప్పున కొరుక్కుంటూ పోవడమే. కిలో నూనె పూర్తిగా కాలిపోవాలంటే, అంటే బ్యాక్టీరియా కడుపులో, మూడు కిలోలకు పైగా ఆక్సిజన్ కావాలి. ఘనపు మీటరు గాలిలో అది పావు కిలోకి కాస్త ఎక్కువ ఉంటుంది, కాబట్టి కిలో నూనెకి 12, 13 ఘనపు మీటర్ల గాలి చాలు. అదే నీటిలో కరిగిన ఆక్సిజన్‌తోనే నెట్టుకు రావాలంటే? లీటరు నీటిలో ఉండేది 7, 8 మిల్లీగ్రాములు. కిలో నూనెకి సుమారు నాలుగున్నర లక్షల లీటర్లు, అంటే పది వేల లీటర్ల ట్యాంకర్లు 45. మీ తోటలో నీళ్ళు నిలిచినన్నాళ్ళూ పని ఎందుకు ఆగిపోతుందో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది.

ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. దీని మీద ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ఖర్చుపెట్టి నేర్చుకున్న చోటు అలాస్కా. 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ అనే ట్యాంకరు ప్రిన్స్ విలియం సౌండ్‌లో బ్లై రీఫ్ మీదకి ఎక్కి, దాదాపు 4 కోట్ల లీటర్ల క్రూడ్ సముద్రంలోకి వదిలింది. మొదట వేడి నీళ్ళని ప్రెషర్‌తో కొట్టి రాళ్ళు కడిగారు. నూనెతోపాటు రాళ్ళకి అంటుకుని బతికే నత్తలు, నాచు కూడా ఉడికిపోయాయి. ఆ వేసవిలోనే అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ, ఎక్సాన్ కలిసి ఇంకో పని చేశాయి. ఒడ్డున కొన్ని గళ్ళు గుర్తుపెట్టి వాటి మీద ఎరువు చల్లారు. బ్యాక్టీరియా ఒక్కటీ వెయ్యలేదు, ఎరువు మాత్రమే. ఇనిపోల్ అని నూనెకి అంటుకునే ద్రవ ఎరువు ఒకటి, నెమ్మదిగా కరిగే గుళికలు ఒకటి. రెండు వారాలు గడిచేసరికి, హెలికాప్టర్‌లోంచి చూస్తే నల్లటి తీరం మధ్యలో ఎరువు చల్లిన గడి తెల్లగా, కిటికీ తెరిచినట్టు కనబడింది. ఆ ఒక్క దృశ్యంతో మొత్తం కార్యక్రమానికి ఊపొచ్చింది.

అయితే అక్కడే గొడవ కూడా మొదలైంది. ఇనిపోల్ సబ్బులా పనిచేసి నూనెను కడిగేసిందా, నిజంగా బ్యాక్టీరియా తిందా? కంటికి తెల్లగా కనబడటం రుజువు కాదు కదా. దీన్ని తేల్చింది హోపేన్ అనే పదార్థం. క్రూడ్‌లో సహజంగానే ఉంటుంది, బ్యాక్టీరియా దాదాపు ముట్టుకోదు. నూనె కొట్టుకుపోతే హోపేన్ కూడా పోతుంది. బ్యాక్టీరియా తింటే మిగతావి తగ్గి హోపేన్ వాటా పెరుగుతుంది. ఆ కొలతతో చూసి, అందిన నత్రజనిని బట్టి తినే వేగం పెరిగిందని 1994లో నేచర్ పత్రికలో ప్రకటించారు. నాలుగేళ్ళలో ఆ తీరాలకి పోసిన నత్రజని దాదాపు 50 టన్నులు.

ఇప్పుడు మీ ఏజెంటుకి చెప్పవలసిన ముక్క. అమ్మకానికి ఉన్న బ్యాక్టీరియా సరుకుల్ని కూడా అక్కడే పరీక్షించారు. వచ్చినవాటిలో కొన్నిటిని ల్యాబులో చూసి, రెండిటిని 1990లో తీరం మీదకి తీసుకెళ్ళారు. దాదాపు నాలుగు వారాలు చూస్తే, ఉత్త ఎరువు వేసిన గడికీ వీటికీ లెక్కలోకి తీసుకోదగ్గ తేడా రాలేదు. 1994లో డెలావేర్ తీరంలో ఇంకాస్త పకడ్బందీగా చేశారు. కావాలనే క్రూడ్ పోసి, కొన్ని గళ్ళు ఊరికే వదిలి, కొన్నిటికి ఎరువు, కొన్నిటికి ఎరువుతోపాటు అదే తీరంనుంచి పెంచిన బ్యాక్టీరియా. ఊరికే వదిలినది కూడా బాగానే శుభ్రపడింది, ఎందుకంటే ఆ నీటిలో నత్రజని ముందే ఉంది. ఎరువుతో కొద్దిగా వేగం పెరిగింది. బ్యాక్టీరియా కలిపినందువల్ల అదనంగా వచ్చింది సున్నా.

గాలి సంగతి కూడా అలాస్కాయే చెప్పింది. 2001లో ప్రభుత్వ శాస్త్రవేత్తలు ఆ తీరాల్లో వేల గుంటలు తవ్వి చూస్తే, పన్నెండేళ్ళ నాటి నూనె రాళ్ళ కింద ఇంకా పచ్చిగానే దొరికింది. పై పొరలో గాలి ఆడింది, శుభ్రమైంది. కింది పొరలో ఆక్సిజన్ లేదు, అలాగే ఉండిపోయింది. బ్యాక్టీరియా రెండు చోట్లా ఉంది.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా "మన భారతీయ శాస్త్రవేత్తే కదా నూనె తినే బ్యాక్టీరియా కనిపెట్టింది" అంటారు. ఆనంద మోహన్ చక్రవర్తి గారి గురించి. బెంగాల్‌లో పుట్టి, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ల్యాబులో పనిచేస్తూ, వేర్వేరు నూనె పదార్థాలను తినే లక్షణాలన్నీ ఒకే సూడోమోనాస్‌లోకి చేర్చారు. జీవానికి పేటెంటు ఇవ్వొచ్చా అని కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1980లో 5-4 తేడాతో ఆయన గెలిచారు. గొప్ప సంగతే, ఈనాటి బయోటెక్ వ్యాపారానికి పునాది అదే. కానీ ఆ బ్యాక్టీరియాని ఏ నిజమైన చమురు తెట్టు మీదా వాడలేదు. ఏజెంటు బ్రోషర్‌లో ఆయన ఫోటో ఉంటే పట్టించుకోకండి.

మరి బ్యాక్టీరియా పొడికి చోటే లేదా? ఉంది. రిఫైనరీ ట్యాంకు అడుగున పేరుకున్న స్లడ్జ్ లాంటిది, మట్టి వాసన ఎరగని, గట్టి సరుకు. అందులో సహజంగా ఉండే బ్యాక్టీరియా తక్కువ, పని మొదలవడానికి తోడు పెడితే లాభం. పాలు తోడు పెట్టినట్టే. మన దేశంలో టెరీ సంస్థ తయారుచేసిన ఆయిల్‌జాపర్ అనే బ్యాక్టీరియా సరుకుని ఎక్కువగా వాడింది ఇలాంటి స్లడ్జ్ మీదే. 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకుని నూనె ఒలికినప్పుడు గుర్తుందా, కుర్రాళ్ళు బకెట్లతో తోడారు. సముద్రంలో అప్పుడు బ్యాక్టీరియా ఎవరూ చల్లలేదు. తోడిన బురదని ఓడరేవు ఆవరణలో గుంటల్లో వేసి, అక్కడ బ్యాక్టీరియాతో శుద్ధి చేశారు. ముందు తోడటం, తర్వాత తినిపించడం. వరస అదే. అలాంటి చోట కూడా ఎరువు వెయ్యక తప్పదు, తిరగెయ్యక తప్పదు.

పొడి బతికి ఉండాలన్నది ఇంకో తలనొప్పి. నా అనుభవమే చెబుతాను. ఒక ఫీల్డులో పైవాళ్ళు మమ్మల్ని అడగకుండా టన్నుల లెక్కన పొడి కొనేశారు. వచ్చింది మార్చిలో, పర్మిషన్లు వచ్చేసరికి జూన్. ఆ మూడు నెలలూ బస్తాలు రేకుల గోడౌన్‌లో ఉన్నాయి. మే నెలలో ఆ రేకుల కింద నిలబడలేక మేమే బయటికి పరిగెత్తేవాళ్ళం. అనుమానం వచ్చి ల్యాబులో ప్లేట్లు పోశాను. అగార్ (బ్యాక్టీరియాని పెంచే జెల్లీ) మీద సన్నగా క్రూడ్ పొర పూసి, ఒక దాని మీద పొడి కలిపిన నీళ్ళు, ఇంకో దాని మీద లీకయ్యే వాల్వు కింద గోకి తెచ్చిన మట్టి నీళ్ళు. ఐదో రోజున పొడి ప్లేటు మీద రెండో మూడో చుక్కలు. వాల్వు మట్టి ప్లేటు మీద చోటు లేదు. ఒక్కో చుక్క చుట్టూ నూనె పొర కరిగిపోయి గుండ్రంగా తేటపడిన వలయం, దీపం చుట్టూ వెలుగులా. ఆ ప్లేటు పట్టుకెళ్ళి మా సైట్ ఇన్‌ఛార్జికి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "సరే, ఆ పొడి కూడా చల్లెయ్యి, బిల్లు పాసవ్వాలి కదా" అన్నారు. చల్లాం. తర్వాత యూరియా వేసి రోటవేటర్ కొట్టాం. గుంట శుభ్రమైంది. రిపోర్టులో పేరు పొడికి దక్కింది.

సరే, మీ తోటకి వద్దాం.

మొట్టమొదట తెలుసుకోవలసింది నూనె గురించి కాదు, ఉప్పు గురించి. చమురు బావిలోంచి క్రూడ్ ఒక్కటే రాదు, దాంతో ఉప్పునీళ్ళు కూడా వస్తాయి. చిల్లు పడింది ఆ బావికీ, నూనె పోగుచేసే స్టేషనుకీ మధ్య లైనైతే ఆ నీళ్ళు కూడా మీ తోటలో పడ్డట్టే. నూనెను బ్యాక్టీరియా తింటుంది, ఉప్పును ఏ బ్యాక్టీరియా తినదు. నేల ఎండాక అంచుల్లో తెల్లగా పొర కడుతుంటే అనుమానించండి. మట్టి పరీక్షలో ఈసీ (నేలలో ఉప్పు ఎంతుందో చూపే కొలత) 4 దాటితే అది చౌడు కిందే లెక్క, దానికి వైద్యం వేరు: జిప్సం వేసి, మంచి కాలవ నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు బయటికి పోయే దారి చూడాలి. ఆర్నెల్లు నూనె మీద కష్టపడి, చివరికి గడ్డి మొలవకపోతే బ్యాక్టీరియాని తిట్టుకున్న వాళ్ళని చూశాను. తప్పు ఉప్పుది.

తర్వాత, ఎంత లోతుకి పోయిందో చూడండి. నాలుగైదు చోట్ల పలుగుతో గుంటలు తీసి నలుపు ఎక్కడ ఆగిందో టేపుతో కొలిచి, ఫోటో తీసి పెట్టుకోండి. చెప్పులు, గ్లవ్స్ లేకుండా దిగకండి. అక్కడ చుట్ట, బీడీ వద్దు. కొంతమంది కాల్చేస్తే పోతుంది అంటారు, ఆ పని అసలు చెయ్యకండి. పశువుల్ని అటు కట్టకండి. పక్కన ఊటబావి ఉంటే దాని నీళ్ళు పరీక్షకి పంపేదాకా తాగడానికి వాడకండి, వాసన రాకపోయినా సరే.

మట్టి శాంపిల్ గాజు సీసాలో తియ్యాలి, ప్లాస్టిక్ డబ్బాలో కాదు. ఐదు చోట్ల తీసి కలిపి, సీసా నిండుగా నింపి, ఐసు పెట్టెలో పంపండి. "ఆయిల్ అండ్ గ్రీజ్" పరీక్ష చేసి చేతులు దులుపుకుంటారు, దాంతో సరిపెట్టుకోకండి. అందులో ఆకు మైనం, పేడలోని కొవ్వు కూడా నూనె కిందే లెక్కకొస్తాయి. గ్యాస్ క్రొమటోగ్రాఫ్ (నూనెలోని పదార్థాల్ని విడదీసి చూపే యంత్రం) మీద చేసిన టీపీహెచ్, అంటే మట్టిలోని మొత్తం పెట్రోలియం నూనె కొలత, కావాలని అడగండి, గ్రాఫు కూడా ఇమ్మనండి. ఆ గ్రాఫు చదవడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. తాజా క్రూడ్ గ్రాఫు దువ్వెన పళ్ళలా ఉంటుంది, సమాన దూరంలో నిటారుగా గీతలు. అవే ఆల్కేన్లు. బ్యాక్టీరియా తినేకొద్దీ పళ్ళు ఒక్కొక్కటే పొట్టివై, చివరికి పళ్ళు ఊడిన దువ్వెన, కింద ఒక మూపురం మిగులుతాయి. ఇంకాస్త ఖచ్చితంగా కావాలంటే 17 కార్బన్ల ఆల్కేన్ పక్కనే ప్రిస్టేన్ అని ఒక గీత ఉంటుంది. కొమ్మలున్న గొలుసు కాబట్టి దాన్ని బ్యాక్టీరియా ఆలస్యంగా ముడుతుంది. మొదట్లో ఆ రెండిటి నిష్పత్తి ఎంతుందో రాసుకోండి. అది పడిపోతుంటే నిజంగా తింటున్నట్టు.

ఈ నిష్పత్తి గోల ఎందుకంటే, కాంట్రాక్టర్ల చేతిలో ఒక పాత విద్య ఉంది. 20 సెంటీమీటర్ల నూనె మట్టిని ట్రాక్టర్‌తో 60 సెంటీమీటర్ల లోతుకి కలిపేస్తే, టీపీహెచ్ అంకె ఒక్క రోజులో మూడో వంతుకి పడిపోతుంది. ఒక్క చుక్క నూనె తగ్గలేదు, పలచబడింది అంతే. అంకె దిగింది, నిష్పత్తి కదల్లేదు అంటే అర్థం చేసుకోండి.

టీపీహెచ్ 5 శాతం దాటిన చోట, అంటే కాలు పెడితే జిడ్డుగా అంటుకునే చోట, బ్యాక్టీరియాకి ఊపిరాడదు. ఆ మట్టిని ఎత్తించి కంపెనీ తన స్థలంలో, కింద షీటు వేసి శుద్ధి చేసుకోవాలి. అది వాళ్ళ బాధ్యత, మీరు తోటలో ఓ మూల కప్పెట్టనివ్వకండి. మిగతా నేల తోటలోనే బాగుపడుతుంది.

మీ అదృష్టం, కావలసిన సరుకు మీ ఊళ్ళోనే ఉంది. కొబ్బరి పొట్టు. నూనెను పీలుస్తుంది, డెల్టా బంకమట్టిని గుల్ల చేసి గాలి ఆడనిస్తుంది. ఊక, తరిగిన వరిగడ్డి కూడా పనికొస్తాయి. పలచగా పరిచి, పై 20 సెంటీమీటర్లలో కలపండి. చెట్ల మధ్య రోటవేటర్ తోలొచ్చు గానీ, మొదలు చుట్టూ రెండు మీటర్లు వదిలెయ్యండి, కొబ్బరి వేళ్ళలో ఎక్కువ భాగం అక్కడే ఉంటాయి. పాదుల్లో ముళ్ళపారతో పైపైన కదిపితే చాలు. వారం పది రోజులకోసారి తిరగెయ్యాలి. ఖర్చంతా ఇక్కడే ఉంది, ఏజెంటు చెప్పని మాట కూడా ఇదే.

ఎరువు లెక్క. 56 టన్నుల మట్టిలో 2 శాతం నూనె ఉంటే 1,120 కిలోలు, అందులో కార్బన్ సుమారు 950 కిలోలు. పుస్తకాల్లో 100 పాళ్ళ కార్బన్‌కి 10 పాళ్ళ నత్రజని, 1 పాలు భాస్వరం అని ఉంటుంది. అది గుడ్డిగా పాటిస్తే 95 కిలోల నత్రజని, అంటే 45 కిలోల యూరియా బస్తాలు నాలుగున్నర, 5 సెంట్లలో! చెట్లు మాడిపోతాయి, మిగిలింది బావిలోకి దిగుతుంది. చచ్చిన బ్యాక్టీరియా ఒంట్లోని నత్రజనిని బతికున్నవి మళ్ళీ వాడుకుంటాయి కాబట్టి పదో వంతుతో మొదలుపెట్టొచ్చు. సుమారు 20 కిలోల యూరియా, అదీ ఒకేసారి కాదు, మూడు నాలుగు వారాల ఎడంతో 4, 5 కిలోల చొప్పున, వేసిన వెంటనే మట్టిలో కలిపేస్తూ. డీఏపీ మొత్తం మీద 10 కిలోలు చాలు. అమ్మోనియా వాసన ముక్కుకి తగిలితే ఎక్కువైనట్టే. ఇవి 2 శాతం మీద వేసిన లెక్కలు, మీ రిపోర్టు అంకె వేరైతే ఎరువు కూడా ఆ మేరకు మారాలి.

తడి ఎంతుండాలంటే, గుప్పెడు మట్టి పిసికితే ముద్ద కట్టాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారకూడదు. చుట్టూ చిన్న గట్టు వేసి వాన నీళ్ళు బయటినుంచి రాకుండా చూడండి, లోపల పడ్డవి నిలవకుండా ఒక మూల గుంటలోకి దారి పెట్టండి, ఆ గుంట నీళ్ళు కాలవలోకి వదలకుండా. ఒక ఏడాది నేనే ఈ గట్టు విషయంలో బద్ధకించాను. రెండు రోజుల వానకి గుంట నిండింది, వారం తర్వాత పార వేస్తే కుళ్ళిన గుడ్డు కంపు, మట్టి సిరా నలుపు. గాలి పోయి వేరే జాతి బ్యాక్టీరియా చేరింది. నూనె తినడం ఆగి, మూడు నెలల పని నీళ్ళపాలైంది. మీ దగ్గర భూగర్భ జలం పైకే ఉంటుంది కాబట్టి వానాకాలం ముందు ఎంత వీలైతే అంత నడిపించండి.

జీవామృతం గురించి. పేడలో తప్పులేదు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక ట్రాక్టరు వేసినా మంచిదే, మట్టి గుల్లవుతుంది. ఇబ్బంది బెల్లంతో. విస్తట్లో బెల్లం ముక్క పెట్టి పక్కన తారు పెడితే మీరు ఏది తింటారు? బ్యాక్టీరియా కూడా అంతే. బెల్లం అయ్యేదాకా నూనె వైపు చూడదు, ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా బెల్లానికే ఖర్చుపెడుతుంది. మీ పక్క రైతుకి నొప్పి కలగకుండా చెప్పండి, తన పొలంలో అది బాగా పనిచేసి ఉంటుంది, ఇక్కడ మాత్రం వద్దు.

ఎన్నాళ్ళు? తేలిక భాగం మొదటి వారాల్లోనే గాలిలో కలిసిపోతుంది, ఆ పేరు కూడా పొడి ఖాతాలోకే వెళ్తుంది. 30 రోజుల మాట అక్కడినుంచి వచ్చిందే. ఆల్కేన్లు నెలల్లో తగ్గుతాయి. వలయాలు కలిసిన బరువైన భాగాలకి ఏడాది, ఇంకా పైన. తారు లాంటి అస్ఫాల్టీన్లు కొంత మిగిలే ఉంటాయి, గట్టిగా మట్టికి అతుక్కుని. అందుకే ఒక పని చెయ్యండి: రెండు మీటర్ల ముక్క ఒకటి ఏమీ చెయ్యకుండా వదిలేసి, కర్రలు పాతి గుర్తు పెట్టండి. ఆ ముక్కతో పోల్చి చూస్తేనే మీరు చేసినదానికి విలువ తెలుస్తుంది. ఏజెంటు మరీ పట్టుబడితే అదే సైజు ఇంకో ముక్క చూపించి, అతని పొడి అక్కడ అతని ఖర్చుతోనే చల్లమనండి. ఆ ముక్కలో ఫలితం చూశాకే డబ్బులిస్తానంటే వెళ్ళిపోయేవాడు కూడా ఉంటాడు.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటి. నెలకోసారి రెండు కప్పుల్లో, ఒకదాన్లో ఈ మట్టి, ఇంకోదాన్లో మంచి మట్టి వేసి పదేసి పెసలు నాటండి. మొదటి నెల ఇక్కడ రెండో మూడో మొలుస్తాయి, మొలిచినవి కూడా వేరు పొట్టిగా, గోధుమ రంగుగా. ఎనిమిది, తొమ్మిది మొలిచి వేరు తెల్లగా దిగిన రోజున నాకు ల్యాబు రిపోర్టు కంటే ఎక్కువ ధైర్యం వచ్చేది. పార వేసినప్పుడు కిరసనాయిలు వాసన పోయి మొదటి వాన వాసన రావడం ఇంకో గుర్తు.

ఈ ఖర్చేదీ మీ పెదనాన్నగారు భరించాల్సింది కాదు. కాలుష్యం చేసినవాడే బాగుచేయాలన్నది మన సుప్రీంకోర్టు ఎప్పుడో ఒప్పుకున్న సూత్రం. కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. పరిహారం, నేల పునరుద్ధరణ కోసం 2010 నాటి గ్రీన్ ట్రైబ్యునల్ చట్టం కింద ఐదేళ్ళలోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు, మనకి బెంచి చెన్నైలో ఉంది. పని మొదలుపెట్టకముందే శాంపిల్, ఫోటోలు, పంచాయతీ వాళ్ళ సమక్షంలో తీయించండి. మీరే ముందు దున్నేసి తర్వాత అడిగితే "అప్పుడు ఎంతుందో మాకేం తెలుసు" అంటారు.

రిపోర్టు వచ్చాక టీపీహెచ్, ఈసీ, పీహెచ్ మూడూ ఇక్కడ పెట్టండి, చెట్లు ఎన్నో, నలుపు ఎంత లోతులో ఆగిందో కూడా. యూరియా లెక్క మళ్ళీ వేసి చెబుతాను. అందాకా బస్తా కొనకండి.